రాక్షసి బొగ్గు వాసన

23 సెప్టెంబర్ 2007, ఆదివారం

స్వరూపను ఇంటికి తెచ్చుకున్నాం. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. స్కానింగులో కనబడ్డ రక్తపు మచ్చ దానంతటదే కరుగుతోందట. ఢిల్లీలో మా జనక్‌పురి డిస్ట్రిక్ట్ సెంటర్ బజారు దగ్గర సైకిల్ రిక్షా బోల్తాపడి ఆమె వెల్లకిలా పడిందనీ, తల వెనక దెబ్బ తగిలిందనీ ఫోనొచ్చినప్పటి నుంచి నేను ఊపిరి పూర్తిగా వదల్లేదు. ఇంటి మెట్లెక్కించి, మంచం మీద కూర్చోబెట్టి, బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే. వర్షిణికి వినబడకుండా కుళాయి తిప్పి మరీ ఏడ్చాను.

వర్షిణి సాయంత్రం దాకా వాళ్ళమ్మ కొంగు వదల్లేదు. మామూలు రోజుల్లో మేం తెలుగులో పిలిస్తే హిందీలో విసుక్కునే పదమూడేళ్ళ పిల్ల. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీ గురుద్వారా నుంచి ప్రసాదం తెచ్చి, స్వరూప నోట్లో తనే పెట్టింది. స్వరూప నవ్వి తిన్నది.

జనవరిలో ఆఫీసు వాళ్ళిచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. రాయడానికి ఏమీ లేకపోవడం ఎంత అదృష్టమో ఇప్పుడు తెలిసింది.

24 సెప్టెంబర్

స్వరూప బాగుంది. అన్నం సహించడం లేదంటోంది. మందుల వల్ల.

1 అక్టోబర్

అన్నం సహించడం లేదు. మందుల వల్లే.

3 అక్టోబర్, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మీదే మాడు వాసన. ఆంటీ తన గుమ్మంలో నిలబడి పైకి చూస్తోంది. పరుగెత్తాను. వంటింట్లో పాలగిన్నె అడుగంటి నల్లబడింది, హాల్లోకి కూడా పొగ వచ్చేసింది. స్వరూప వంటింటికి వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“ఏమైంది బావా, గట్ల ఉరికొస్తున్నవ్?” అంది.

మేనమామ కూతుర్ని చేసుకుంటే ఇదే. పెళ్ళయిన ఇన్నేళ్ళకూ నేను బావనే.

పాలు మాడిపోయాయన్నాను. వెనక్కి తిరిగి చూసింది. లేచి స్టవ్వు ఆపింది. ఈ మనిషి కూర ఉప్పును వాసనతో చెప్పేది. మూత తీస్తే ఆవిరి ముక్కుకు తగలాలి, అంతే. “ఉప్పు తక్కువైంది” అనేది, నాలుక మీద చుక్క వేసుకోకుండానే. కొత్తలో నేను నమ్మక గంటె నోట్లో పెట్టుకుని చూసేవాణ్ణి. ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి.

ఇంగువ డబ్బా తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాను. జీలకర్ర, కొబ్బరినూనె, చివరికి నా బూట్లలోని మేజోళ్ళు కూడా. వర్షిణి నవ్వింది. స్వరూప తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తర్వాత వర్షిణిని దగ్గరికి లాక్కుని దాని తలలో ముఖం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది.

“పిల్ల తల వాసన గూడ వస్తలేదు బావా” అంది.

12 అక్టోబర్

డాక్టరు చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది రాసుకుంటున్నాను. వాసనను మోసే నరాలు దారప్పోగులంత సన్నగా ఉంటాయట. తల అదిరినప్పుడు అవి నలిగి ఉంటే కొన్ని నెలల్లో తిరిగి పనిచేయవచ్చు. తెగి ఉంటే చేయకపోవచ్చు. మందు లేదు. మనం రుచి అనుకునేది చాలామటుకు వాసనేనట, అందుకే ఆమెకు అన్నం మట్టిలా ఉంది. రోజూ ఘాటైన వాసనలు చూపిస్తూ ఉండమన్నారు, నష్టం లేదన్నారు.

నలిగాయి. తెగలేదు. ప్రాణమే దక్కింది, ముక్కొక లెక్కా?

వంట ఇప్పుడు నాది. గ్యాస్ లీకయినా ఆమెకు తెలియదు గనక పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. వర్షిణి నా పప్పును ‘ఎక్స్‌పెరిమెంటల్’ అంటోంది.

18 అక్టోబర్

పొద్దున లవంగాలు, సాయంత్రం కాఫీపొడి, రాత్రి అమృతాంజనం. ఏమీ లేదు. పాత జాకెట్లు ఆమెకు వదులయ్యాయి. స్కూల్లో తెలుగు చెబుతుంది, సెలవు డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించింది. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తుంది. అడిగితే, “ఇంట్ల ఉన్నట్టే లేదు. టీవీల చూస్తున్నట్టున్నది” అంది.

27 అక్టోబర్, శనివారం

మా ఆఫీసు నవదీప్ బెంగుళూరుకు బదిలీ అయి వెళ్తున్నాడు. గుర్గావ్‌లో వాడి ఇల్లు ఖాళీ చేయిస్తుంటే సాయానికి వెళ్ళాను. బాల్కనీలో మూడు కాళ్ళ మీద గుండ్రటి ఇనప గంగాళం, దానికో మూత, మూతకు కన్నాలు. బార్బెక్యూ. అమెరికా ప్రాజెక్టు నుంచి వస్తూ మోజుపడి తెచ్చాడట, రెండుసార్లు వాడాడట. తీసుకెళ్ళమన్నాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. టాక్సీ డిక్కీలో పట్టక మూత ఒళ్ళో పెట్టుకుని జనక్‌పురి దాకా వచ్చాను.

స్వరూప ఇదేమిటంది. నాకు ఎప్పట్నుంచో సరదా అన్నాను.

నిజంగానే సరదా. చిన్నప్పుడు మా అమ్మ పొయ్యి మీద దండెం కట్టి మాంసం తునకలు పొగ తగిలేలా ఎండబెట్టేది. ఆ రుచి నాకింకా గుర్తుంది. డాక్టరు మాటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

28 అక్టోబర్, ఆదివారం

నా అంత తెలివితక్కువ వాడు ఢిల్లీలో లేడు.

గంగాళంతో ఇచ్చిన పుస్తకంలో చార్‌కోల్ కావాలని ఉంది. చార్‌కోల్ అంటే బొగ్గు. గోదావరిఖనిలో పుట్టినవాడికి బొగ్గు గురించి పుస్తకం చెప్పాలా? మా నాన్న, మా మామ ఇద్దరూ సింగరేణి బావుల్లో దిగినవాళ్ళు. మా క్వార్టర్ల లైన్లో సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గుపొయ్యి రాజుకునేది. తిలక్‌నగర్ అవతల బొగ్గు అమ్మే చోటికి వెళ్ళాను. “లకడీ కా యా పత్థర్ కా?” అని అడిగాడు. కట్టెబొగ్గా, రాతిబొగ్గా అని. కట్టెలు కాల్చి చేసేదీ ఒక బొగ్గేనా అనుకుని, “పత్థర్ కా, అసలీ వాలా” అన్నాను మీసం దువ్వినంత పని చేసి. బస్తా ఆటోలో వేయించుకుని వచ్చాను.

డాబా మీద ముట్టించాను. పచ్చటి పొగ. మసాలా పట్టించిన కోడికాళ్ళు పెట్టి మూతేశాను. కన్నాల్లోంచి పొగ తాళ్ళు తాళ్ళుగా వచ్చి వీధంతా కమ్మేసింది. పక్కిళ్ళ కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఆంటీ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకొచ్చి, “భాయీసాబ్, రైల్ ఇంజన్ చలా రహే హో క్యా?” అని అడిగింది, రైలింజను నడుపుతున్నావా అని. కోడికాళ్ళు గంధకంలో ముంచి తీసినట్టు ఉన్నాయి. వర్షిణి ఒక ముక్క కొరికి, “పాపా, టైర్” అని ఉమ్మేసింది.

ఇంత జరుగుతున్నా స్వరూప గాలి వాలున కుర్చీ వేసుకుని సరిగ్గా ఆ పొగలోనే కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“కండ్లు మండుతున్నయ్ గని, ఏం వాసన వస్తలేదు” అంది. ఆ కంపులో. నేను ముఖం తిప్పుకున్నాను.

కళ్ళు తుడుచుకుని బస్తాలోకి తొంగి చూసి, “బావా, ఇది రాక్షసి బొగ్గు. గీ పొగల ఎవలన్న మాంసం పెడ్తరా? మా అమ్మ పొగంత పోయి ఎర్రగ నిప్పయినంక గద గిన్నె పెట్టేది” అంది. అని, నవ్వింది. ఖనిలో పుట్టి బొగ్గు తెలియలేదని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇలా నవ్వడం ఇదే మొదటిసారి. కిలోన్నర చికెన్ పోతే పోయింది.

బస్తా మెట్ల కింద పడేశాను.

3 నవంబర్

ఇవ్వాళ కట్టెబొగ్గు. తేలిగ్గా, గిన్నెలా మోగుతూ ఉంది. కిరోసిన్ వాడితే మాంసానికి వాసన పడుతుందని పుస్తకంలో ఉంది కాబట్టి, తెలివిగా పూజగదిలోంచి కర్పూరం తెచ్చి ముట్టించాను. భగ్గున అంటుకుంది. తిన్నాక వర్షిణి, “మందిర్ మే చికెన్ ఖా రహే హై” అంది, గుళ్ళో చికెన్ తింటున్నట్టుందట. నిజమే, హారతి నోట్లో వేసుకున్నట్టే ఉంది. కర్పూరం పూర్తిగా కాలిపోయేదాకా ఆగి, అప్పుడు మాంసం పెట్టాలని నాకు తోచలేదు.

స్వరూపకు ఆ తేడా తెలియదు. రెండు ముక్కలు తిన్నది. నా మాట కాదనలేక తిన్నది.

9 నవంబర్, దీపావళి

ఢిల్లీ మొత్తం మందుగుండు పొగ. డాబా మీద నిలబడి స్వరూప, “ఉట్టి చప్పుడే” అంది.

11 నవంబర్, ఆదివారం

కుదిరింది. ఎలా కుదిరిందో మర్చిపోకముందే రాసుకోవాలి.

నూనె డబ్బా మూతా అడుగూ తీసి, చుట్టూ మేకుతో కన్నాలు పొడిచాను. కింద పాత పేపర్లు నలిపి పెట్టి, పైన బొగ్గు. పేపరంటిస్తే మంట డబ్బాలో పైకి లాగి బొగ్గంతా ఒకేసారి రాజుకుంటుంది. పైన బూడిద తెల్లగా పరుచుకునే దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకు ఇదే కష్టం. తర్వాత నిప్పులన్నీ గంగాళంలో ఒక పక్కకే పోయాలి, మాంసం రెండో పక్కన పెట్టాలి. అంటే మాంసం కింద నిప్పుండదు. మూతేసి, కన్నాలు సగం మూసి, ఇక ముట్టుకోకూడదు. ఊరికే మూతెత్తి చూస్తే వేడంతా పోతుంది.

పొగ కోసం మామిడి కట్టె వేయమన్నాడు నవదీప్ ఫోన్లో. ఢిల్లీలో మామిడికట్టె పూజాసామాన్ల షాపులో దొరుకుతుంది, హోమానికి. ఏ హవన్ అని షాపువాడు భక్తిగా అడిగాడు. గృహశాంతి అన్నాను. అబద్ధమేమీ కాదు.

మూత కన్నంలోంచి పొగ సన్నగా, నీలంగా వచ్చింది. వర్షిణి మొదటి ముక్క తిని, వెంటనే రెండోది తీసుకుంది. స్వరూప పొగ దగ్గరికి వంగింది. కళ్ళు మూసుకుంది.

“కొంచెం వస్తున్నట్టున్నది బావా” అంది.

ఇంకేం రాయను? ఇంకేం రాయాలి? వచ్చింది.

12 నవంబర్

పొద్దున కాఫీపొడి చూపిస్తే రాలేదంది. పొగదే వచ్చిందట. ఘాటైనది ముందు వస్తుందేమో. అంతే అయి ఉంటుంది.

18 నవంబర్, ఆదివారం

ఇవ్వాళ ఇంకా బాగా వచ్చిందట. ఖనికి ఫోన్ చేసి అత్తకు చెప్పాను. అత్త ఏడుస్తూ వేములవాడ రాజన్నకు మొక్కుకున్నానంది, వచ్చే సోమవారమే వెళ్తానంది. తొందరపడి చెప్పావని స్వరూప నా మీద కోప్పడింది. ఎందుకు కోప్పడిందో అర్థం కాలేదు.

27 నవంబర్

అత్త వేములవాడ వెళ్ళి కోడెను కట్టి మొక్కు చెల్లించి వచ్చిందట. స్వరూప ఫోన్లో ఊ కొడుతూ కూర్చుంది.

ఆమె ఇంకా సన్నబడుతోంది. చలికాలం కదా, ఆకలుండదు.

4 డిసెంబర్, మంగళవారం

మీటింగు రద్దయి మూడింటికే ఇల్లు చేరాను. మంగళవారం ఢిల్లీలో మాంసం షాపులు మూత. అయినా ఆదివారం దాకా ఆగలేక, కన్నాలు మూస్తే నిప్పు ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని ఖాళీ గంగాళంలో బొగ్గు రాజేసి, ఒక మామిడి చెక్క వేసి మూత పెట్టాను. లోపల ఇంకేమీ లేదు. మాంసం లేదు, మసాలా లేదు, నూనె చుక్క లేదు.

స్వరూప శాలువా కప్పుకుని డాబా మీదికి వచ్చింది. పొగ చూసింది. గాలి పీల్చి, “ఎల్లిపాయ మసాలా వాసన మస్తుగొస్తున్నది ఇయ్యాల” అంది.

వర్షిణి మెట్ల గదిలో చదువుకుంటోంది. తలెత్తి నా వైపు చూసింది. ఆశ్చర్యం లేదు దాని ముఖంలో. దానికి ముందే తెలుసు.

నేను మూత మీద చేయి పెట్టి, “ఇంకో పది నిమిషాలు పడుతుంది” అన్నాను. స్వరూప కిందికి వెళ్ళగానే వంటింట్లోకి పరుగెత్తి ఆలుగడ్డలు తెచ్చి, వెల్లుల్లీ కారం పూసి నిప్పుల మీద పెట్టాను. ముగ్గురం తిన్నాం. బాగున్నాయని ముగ్గురం అన్నాం.

5 డిసెంబర్

రాయబుద్ధి కావడం లేదు.

9 డిసెంబర్, ఆదివారం

చికెన్ తెచ్చాను. బొగ్గు రాజేశాను. తెల్లబడే దాకా ఆగుతూ కూర్చున్నాను. స్వరూప వచ్చి పక్కన కూర్చుంది. ఇవ్వాళ కూడా వాసన వస్తోందంటుందేమోనని నాకు భయం వేసింది. ఆమె అనకముందే నేనే చెప్పేశాను, మంగళవారం మూత కింద ఏమీ లేదని.

శాలువా దగ్గరికి లాక్కుంది.

“నాకెర్కయింది. ఆలుగడ్డలు సగం పచ్చిగున్నయ్” అంది. మళ్ళీ తనే, “నువ్వు పొగల నిలబడి కండ్లు మండిచ్చుకుంట నా మొకం దిక్కే చూస్తుంటివి. వస్తలేదని ఎట్ల చెప్పాలె బావా? ఒక్కసారి అన్న. ఇగ ఎన్కకు తీస్కోరాలే. అమ్మ కోడెను గూడ కట్టొచ్చె” అంది.

నాకు కోపం రాలేదు. నిజానికి నవంబర్ పన్నెండో తారీఖునే నాకు తెలుసు. వెనక్కి పేజీలు తిప్పి చూసుకున్నాను, తెలిసినట్టే రాసి ఉంది.

ఇక అడగనని చెప్పాను. వస్తే వస్తుంది, రాకపోతే ఈ గంగాళం మనం తినడానికే ఉంటుందన్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి కుళాయి అవసరం పడలేదు. తర్వాత ఇద్దరికీ ఆకలేసింది. ఇంత తేలిగ్గా ఉంటుందనుకుంటే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి.

మొక్కు సంగతికి ఆమే పరిష్కారం చెప్పింది. రాజన్నకు మనం ముందే చెల్లించేశాం గనక, ఇవ్వాల్సింది ఇప్పుడు ఆయనేనట.

23 డిసెంబర్, ఆదివారం

పటకారు నా చేతిలోంచి ఆమె చేతిలోకి వెళ్ళింది. నేను బొగ్గుకే పరిమితం.

ముక్కు లేకపోయినా చెవులున్నాయంటుంది. కొవ్వు నిప్పు మీద పడి చిటపటలాడటం ఆగి, సన్నగా సుయ్యిమంటే చర్మం అయిందని గుర్తట. ఎముక దగ్గర పటకారుతో నొక్కి చూస్తుంది. నిమ్మరసం, పచ్చిమిరపకాయ, అంచు మాడి కరకరలాడే చర్మం. ఇవి తెలుస్తున్నాయట. నాలుకకు పులుపూ కారమూ ఉప్పూ ఉన్నాయి, పళ్ళకు కరకర ఉంది, చాలు అంది. ఇవ్వాళ నా కంటే ఎక్కువ తిన్నది. అబద్ధం కాదు, ఎముకలు పళ్ళెంలో కనబడ్డాయి.

జనవరి నుంచి స్కూలుకు వెళ్తానంటోంది. నాకు ఇవ్వాళ చాలా హాయిగా ఉంది. రాకపోయినా బతగ్గలం అనిపించింది. మొదటిసారి నిజంగా అనిపించింది.

11 జనవరి 2008, శుక్రవారం

కొత్త డైరీ ఇంకా ఇవ్వలేదు. పాతదాంట్లోనే మొదటి పేజీల్లో రాస్తున్నాను. ఏడాదీ వారమూ తప్ప తారీఖులు సరిపోతున్నాయి.

ఆఫీసుకు దిగుతుంటే ఆంటీ ఆపింది. మెట్ల కింద బస్తా తీస్తావా, నా అంగీఠీకి, అదే కుంపటికి, ఇస్తావా అని. ఈ చలికి గదిలో హీటరు కంటే నిప్పే నయమట. బయట పెట్టి పొగంతా పోయాకే లోపలికి తెచ్చుకుంటుందట, కిటికీ తెరిచే ఉంచుతుందట. ఈ ఇంట్లో నేను తప్ప అందరికీ రాక్షసి బొగ్గు సంగతి తెలుసన్నమాట. పీడా వదిలిందని నేనే ఆమె వరండాలోకి లాగి పెట్టాను. రేపు లోహ్రీ పండక్కి లుధియానాలో కూతురి దగ్గరికి వెళ్తోంది, వచ్చాక వాడుకుంటానంది.

స్వరూప అప్పటికే స్కూలుకు వెళ్ళిపోయింది.

20 జనవరి

కోడికాళ్ళు. చెప్పుకోవాల్సిందేమీ లేదు. బాగున్నాయి.

2 ఫిబ్రవరి, శనివారం

వరసగా రాయాలి.

నాకు రెండు రోజులుగా జలుబు. ముక్కు పూర్తిగా దిబ్బడ. ఎముకలు కొరికే చలి గనక డాబా మీదికి వెళ్ళొద్దని స్వరూప ఆర్డరు. సాయంత్రం తలుపులన్నీ వేసుకుని ముగ్గురం హాల్లో ఉన్నాం. వర్షిణి సోమవారం పరీక్షకు చదువుతోంది. స్వరూప పిల్లల కాంపోజిషన్లు దిద్దుతోంది. నేను ఆవిరి పట్టుకుని దుప్పట్లో కూర్చున్నాను.

స్వరూప చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. తలెత్తింది. ఏమిటని అడిగాను. చెయ్యెత్తి ఊరుకోమంది. లేచి వెనక గదిలోకి వెళ్ళి కిటికీ రెక్క తీసింది.

“ఎవలో రాక్షసి బొగ్గు ముట్టిచ్చిండ్రు” అంది.

నేను గట్టిగా పీల్చాను. ఈ ముక్కుకు ఏం తెలుస్తుంది? ఏదీ లేదన్నాను. ఆమె మళ్ళీ పీల్చింది. కళ్ళు మూసుకోలేదు, నవ్వలేదు. ముఖం చిట్లించింది. “ఇప్పుడే ముట్టిచ్చిండ్రు, ఇంక పచ్చిగనే ఉన్నది. మా లైన్ల సాయంత్రం పూట గిట్లనే ఉంటుండె. గబ్బు” అంది.

కిటికీలోంచి చూస్తే వెనక సందు తప్ప ఏమీ కనబడదు. నేను దుప్పటితోనే మెట్లు దిగాను. ముందు వైపు వరండాలో ఆంటీ. మధ్యాహ్నమే లుధియానా నుంచి వచ్చిందట. అంగీఠీ బయట పెట్టుకుని అట్టముక్కతో విసురుతోంది. పక్కన నా బస్తా. పచ్చటి పొగ గోడ వారగా తిరిగి వెనక్కి పోతోంది. బస్తా ఆంటీకిచ్చిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత గొప్ప సంగతి కాదు గనక చెప్పలేదు.

అక్కడే, ఆ బస్తా పక్కన నేల మీద కూర్చున్నాను. “క్యా హువా? తబియత్ ఠీక్ హై?” అని నా ఒంట్లో ఎలా ఉందోనని ఆంటీ కంగారుపడింది. ఠీక్ హై అన్నాను. బిల్‌కుల్ ఠీక్ హై అన్నాను. పైకి వేలు చూపించి, ముక్కు చూపించాను. ఆమెకు అర్థమైంది. వాహెగురూ అని అట్టముక్క కింద పెట్టేసింది.

పైకి వచ్చేసరికి స్వరూప హాల్లో వర్షిణి వెనక నిలబడి ఉంది. దాని తలలో ముక్కు పెట్టి ఉంది. వర్షిణి పుస్తకం మీది నుంచి కళ్ళు తీయకుండా, “మమ్మీ, క్యా కర్ రహీ హో?” అంటోంది.

“ఎన్ని దినాలయిందే తలకు పోస్కోక? కుక్కపిల్ల వాసనొస్తున్నవ్” అంది స్వరూప.

వర్షిణి గిరుక్కున తిరిగింది. ముందు వాళ్ళమ్మను చూసింది, తర్వాత నన్ను. చలికి భయపడి ఐదు రోజులయిందని ఒప్పుకుంది. తెలుగులో ఒప్పుకుంది. తర్వాత ముగ్గురం ఏం చేశామో రాయను, డైరీ అయినా సరే.

కాఫీపొడి ఇంకా తెలియడం లేదు. ఇంగువ కొంచెం తెలుస్తోంది, కానీ ఇంగువలా లేదట, ఇంకేదోలా ఉందట. నలిగినవి అన్నీ ఒక్కసారే లేవవు కదా. తెగలేదు. అది చాలు.

వాసన ఖాయమయ్యేదాకా అత్తకు ఫోన్ చేయొద్దంది స్వరూప. పది నిమిషాలు గడిచాక తనే చేసింది.

3 ఫిబ్రవరి, ఆదివారం

నా స్వెట్టరు పొగ కంపు కొడుతోందని పొద్దున్నే తిట్టింది. నవంబర్ నుంచి ఇదే వేసుకుని తిరుగుతున్నావా, ఆఫీసుక్కూడానా అంది. అవునన్నాను. ఎవరూ చెప్పలేదా అంది. లేదన్నాను. ఇంకా తిడుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

2 మార్చి, ఆదివారం

ఇవ్వాళ గంగాళం కడిగి బోర్లించాను. వంట ఆమెది. అక్టోబర్ తర్వాత మళ్ళీ ఆమె వంటింట్లో, నేను గుమ్మంలో. మాంసం కూర, మామూలు గ్యాసు పొయ్యి మీద. కాఫీపొడి వారం కిందట వచ్చింది, లవంగం నిన్న.

మూత తీసింది. ఆవిరి ముఖానికి తగిలింది. “ఉప్పు తక్కువైంది” అంది.

గంటె అందుకుని నోట్లో పెట్టుకున్నాను. తక్కువైంది.